వండింది తింటాను, ఏం వండిందో అడగను

మా పక్కింటి సూరమ్మ గారు ఒకసారి నన్ను సూటిగా అడిగారు. "ఏవండీ, మీరు రోజూ రైలెక్కి ఏలూరు వెళ్ళి ఏం చేస్తారండీ?" ఇంగ్లీషు వాక్యాలకి చెట్లు గీస్తానని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "దానికి జీతం ఇస్తారాండీ?" అన్నారు. ఇస్తారన్నాను. "అయితే మంచి ఉద్యోగమేనండి" అని లోపలికి వెళ్ళిపోయారు. నా ఉద్యోగం మీద అంతకంటే సరైన అభిప్రాయం నేను మళ్ళీ వినలేదు.

రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ప్రమోషన్లు ఎప్పుడిస్తారని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పని ఎలా ఉంటుందని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ అని మా ఆఫీసులో పేరు. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

చెట్లు

మా ఆఫీసు ఏలూరులో ఒక ఎరువుల కొట్టు మీద, మేడ మీది రెండు గదులు. పత్రికల్లోంచి, కథల్లోంచి, ఉపన్యాసాల్లోంచి పోగేసిన ఇంగ్లీషు వాక్యాలు మాకు కంప్యూటర్లో వచ్చేవి. ఏది కర్త, ఏది కర్మ, ఏ ముక్క లోపల ఏ ముక్క ఒదిగి ఉంది అని చూసి, వాక్యాన్ని కొమ్మలుగా విడదీసి, ప్రతి కొమ్మకీ పేరు పెట్టాలి. అలా గీసిన చెట్ల తోటని పార్స్‌డ్ కార్పస్ అంటారు. రేపు ఎవరికైనా ఫలానా రకం వాక్యాలు కావాలంటే, ఆ కొమ్మ పేరు చెప్పి వెతికితే యంత్రం అన్నీ తెచ్చి ముందు పెడుతుంది. పేరు తప్పు పెట్టామా, ఆ వాక్యం తోటలో ఉండి కూడా ఎవరికీ దొరకదు.

ఈ పనికి తెలివికంటే ముందు కావలసింది నడుము. తర్వాత కళ్ళు. తెలివి ఎక్కువైనవాళ్ళు ఎక్కువ కాలం నిలవలేదు. ప్రతి వాక్యం దగ్గరా ఒక కొత్త సిద్ధాంతం కనిపెట్టి, మధ్యాహ్నానికి మూడు చెట్లు గీసేవాళ్ళు.

మొండేలు

నాకు అప్పగించిన వాటిలో ముఖ్యమైనవి ఫ్రీ రెలెటివ్‌లు. అది కాగితం మీది పేరు. మా గదిలో వాటిని మొండేలు అనేవాళ్ళం. ఎందుకో చెబుతాను.

"ఐ ఏట్ ద కర్రీ విచ్ షీ కుక్డ్" అంటే ఆమె వండిన కూర తిన్నాను అని. ఇక్కడ కూర అనే నామవాచకం తల. ఆమె వండిన అన్న ముక్క ఆ తలని అంటిపెట్టుకుని ఉంది. అదే "ఐ ఏట్ వాట్ షీ కుక్డ్" అంటే తల లేదు. వాట్ దగ్గర మొదలయ్యే మొండెమే నామవాచకం కుర్చీలో కూర్చుంది. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా ఎక్కడంటే, "ఐ ఆస్క్డ్ వాట్ షీ కుక్డ్" అన్నప్పుడు కూడా చివరి మూడు మాటలూ అక్షరం తేడా లేకుండా అవే. కానీ ఇది మొండెం కాదు, ప్రశ్న. ఆమె వండినదాన్ని నేనేమీ అడగలేదు, ఏం వండిందన్న ప్రశ్న అడిగాను. అడుగు, తిను లాంటి క్రియలైతే ఫరవాలేదు. తెలుసు, చూశాను, చెప్పాను లాంటివి వస్తే అటూ ఇటూ రెండూ కుదిరేవి. మేం ఐదుగురం ఒకే వాక్యం మీద పొద్దున్న ఒకలాగా, అన్నం తిన్నాక ఒకలాగా పేరు పెట్టేవాళ్ళం.

భాస్కర్ క్యారేజీ

ఆ చిక్కు విప్పింది భాస్కర్. పెంటపాడు నుంచి వచ్చేవాడు. ఇంటి దగ్గర వరిచేలు ఉన్నాయి. ఊడ్పుల రోజుల్లో తప్ప సెలవు పెట్టేవాడు కాదు. మధ్యాహ్నం అతను క్యారేజీ విప్పుతుంటే నేను ఊరికే ఉండలేక, "ఇవాళ మీ ఆవిడ ఏం వండిందో చూసుకుని తెచ్చుకున్నారా భాస్కర్ గారూ?" అన్నాను. అంతకు ముందు రోజు ఒట్టి అన్నం గిన్నెలే వచ్చాయిలెండి.

"ఏం వండిందో నాకెందుకండీ? వండింది తింటానండి, ఏం వండిందో అడగను. అందుకే మా ఇంట్లో గొడవలుండవండి" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వు మధ్యలో ఆగిపోయాను. వండింది ఒకటి, ఏం వండిందో ఇంకొకటి. ఇంగ్లీషు ఒకే ముద్దగా పెట్టినదాన్ని మన తెలుగు ఎప్పుడో రెండు గిన్నెల్లో సర్దేసింది. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకో. 'వండింది' అని వస్తే మొండెం. 'ఏం', 'ఎవరు', 'ఎక్కడ' అనే ప్రశ్నపదం వస్తే ప్రశ్న. ఆ మధ్యాహ్నం నుంచి మా ఆఫీసులో దాని పేరు క్యారేజీ పరీక్ష. దాంతో మా చెట్లు ఒకదానికొకటి పొంతన కుదిరాయి. భాస్కర్ కొన్నాళ్ళు కాలర్ ఎగరేసుకుని తిరిగాడు, దానికి అతనికి హక్కుంది.

వెతకడం

పేర్లు పెట్టడం ఒక ఎత్తు, వెతకడం ఇంకో ఎత్తు. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. యంత్రానికి మనం ఒక నమూనా రాసి ఇస్తాం. ఫలానా కొమ్మ కింద ఫలానా మాట ఉన్నవన్నీ తీసుకురా అని. అది వినయంగా తెస్తుంది. తెచ్చినవి చూసి మురిసిపోతాం. తేనివాటిని మనం చూడం కదా.

నేను మొదట రాసిన నమూనా వాట్ ఒంటరిగా ఉన్న మొండేలనే తెచ్చేది. ఒకరోజు వేరే పని మీద ఏదో పాత పత్రిక వ్యాసం తిరగేస్తుంటే, ఎండాకాలంలో ఒక చెరువు గురించి "వాట్ లిటిల్ వాటర్ రిమైన్డ్" అని కనిపించింది. మిగిలిన ఆ కాసిని నీళ్ళు అని అర్థం. మంచి నిక్షేపం లాంటి మొండెం. వాట్ పక్కన వాటర్ వచ్చి కూర్చునేసరికి నా నమూనా దాన్ని వదిలేసింది. అలాంటివి ఇంకెన్ని వదిలేసిందో చూద్దామని చేత్తో చదువుతూ పోతే ఒకటికి పది దొరికాయి. కొల్లేరు లంకల్లో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వల కన్ను ఎంతుంటే పడే చేప అంత. నమూనా రాసే ముందు ఒక గుప్పెడు వాక్యాలు చేత్తో చదవండి. రాశాక ఇంకో గుప్పెడు చదవండి. ఇంతకు మించి నా దగ్గర రహస్యం ఏమీ లేదు.

సూర్యనారాయణ గారి పద్ధతి

మా డైరెక్టరు సూర్యనారాయణ గారిది అత్తిలి. గొంతు పెంచడం ఎరగని మనిషి. కోప్పడాల్సి వస్తే ఇంకొక 'అండీ' ఎక్కువ వాడేవారు. ఆయనకి ఒక సూత్రం ఉండేది. "అందరూ కలిసి ఒకే తప్పు చేస్తే అది తప్పు కాదండి, పద్ధతండి. తలా ఒక తప్పు చేస్తేనే మనం మునిగిపోతాం."

మొదట్లో ఇది విని ఒళ్ళు మండింది. తర్వాత అందులో సగం నిజం ఉందని ఒప్పుకున్నాను. అందరూ ఒకేలా తప్పు పెడితే, ఆ సంగతి తెలిసిన రోజున ఒక్క వెతుకులాటతో మొత్తం సరిచేయొచ్చు. తలా ఒకలా పెడితే ఆ తోటని దేవుడు కూడా బాగుచేయలేడు. కానీ మిగతా సగం ఆయన చెప్పలేదు. అందరూ ఒకేలా తప్పు పెడితే, అది తప్పని తెలిసే రోజు ఎలా వస్తుంది?

ఆయన పద్ధతికి తగ్గట్టు ఒక నియమం కూడా పెట్టారు. ఒకే వాక్యాన్ని ముగ్గురికి ఇస్తారు. ఒకరిది ఒకరు చూడకుండా గీయాలి. ఎవరి చెట్లు మిగతావాళ్ళతో ఎంత కలుస్తాయో యంత్రం అంకె కడుతుంది. కొత్తగా చేరినవాళ్ళ అంకె ఒక గీత దాటకపోతే వాళ్ళని కొనసాగించరు. మా పనికి డబ్బిచ్చే పైవాళ్ళకి ఆ అంకెలే వెళ్ళేవి.

నసీమా

నసీమా ఏలూరు అమ్మాయే. వాళ్ళ నాన్న తివాచీల వ్యాపారం. ఎమ్మే ఇంగ్లీషు చదివి, తాడేపల్లిగూడెంలో ఒక బడిలో చెబుతూ, ఆ ఉద్యోగం వదిలి మా దగ్గరికి వచ్చింది. వదిలిన కుర్చీలో అప్పటికే వేరే ఆవిడ కూర్చుంది. ఇక్కడ కుదరకపోతే ఇంటికి వెళ్ళి కూర్చోవాలి. ఆ అమ్మాయికి ఈ పని మీద ఎంత ఇష్టమంటే, భోజనాల వేళ కూడా తెరమీద చెట్టు మూసేది కాదు.

అంకెలు వచ్చాయి. అందరికంటే అడుగున నసీమా.

తేడా వచ్చిన చెట్లు చూసి తీర్పు చెప్పడం నా పని. ఆ అమ్మాయివి తీసి చూస్తే గొడవంతా ఒకే చోట ఉంది. హూఎవర్, వాటెవర్ లాంటి 'ఎవర్' తోక ఉన్న మాటలు. "గివ్ ఇట్ టు హూఎవర్ కమ్స్" అన్న వాక్యానికి క్యారేజీ పరీక్ష పెడితే, ఎవరు వస్తే వాళ్ళకి ఇవ్వు. ఎవరు అన్న ప్రశ్నపదం వచ్చింది. కాబట్టి ప్రశ్న. మా ఐదుగురివీ ప్రశ్నలే. నసీమా ఒక్కతే అన్నిటికీ మొండెం అని పెట్టింది.

ఆ శుక్రవారం అవి బుర్రలో పెట్టుకునే రైలెక్కాను. ఏలూరులో ఎక్కితే సీటు దొరకడం మా డైలీ ప్యాసింజర్లకి పూర్వజన్మ సుకృతం. దెందులూరు దాటాక ఇద్దరు పెద్దమనుషులు సీటు గురించి తగువు వేసుకున్నారు. ఒకాయన రుమాలు వేసి దిగి నీళ్ళు తెచ్చుకున్నారట. రెండో ఆయన రుమాలు జాగ్రత్తగా మడిచి ఆయన చేతికిచ్చి, "ఎవరు ముందెక్కితే వాళ్ళదేనండి సీటు. రుమాలుది కాదండి" అన్నాడు.

భీమడోలు వచ్చేదాకా ఆ మాటే నా చెవుల్లో తిరిగింది. ఎవరు ముందెక్కితే వాళ్ళదే. అందులో అడిగింది ఎవరిని? ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ముందెక్కిన మనిషికి సీటు కట్టబెట్టాడు, అంతే. ఎవరు అన్నది ప్రశ్న వేషం వేసుకుని వచ్చింది, వెనకాలే 'వాళ్ళు' అన్న మాట వచ్చి నామవాచకం కుర్చీలో కూర్చుంది. అది మొండెమే. నసీమాదే రైటు. మా తెలుగు చెవి అలవాటున ఎవరు వినపడగానే ప్రశ్న అనేసింది. మా ఐదుగురికీ ఒకే చెవి కాబట్టి ఐదుగురమూ ఒకే తప్పు చేశాం.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడుతుంది, మా తోట బాగుపడుతుంది అనుకున్నాను.

ముందుదా, ఇప్పటిదా

సోమవారం పొద్దున్నే డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి సీటు తగువు మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, కంప్యూటరు నా వైపు తిప్పారు.

"ఇప్పుడు తేడాలేం లేవు కదండీ. నసీమా గారి అంకె బాగుపడిందండి. ఆవిడని కొనసాగిస్తున్నామని సాయంత్రం పైకి రాసేద్దామనుకుంటున్నానండి."

చూశాను. నిజమే. శనివారం ఆ అమ్మాయి కూర్చుని, తన చెట్లన్నిటినీ మార్చేసింది. రైటుగా ఉన్న ప్రతి చెట్టుకీ మా తప్పు పేరు తగిలించింది.

నసీమాని పిలిపించారు. వెనకాలే భాస్కర్ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అందరూ ఎలా పెడితే నేనూ అలాగే పెట్టేశానండి" అంది నసీమా, నేల చూస్తూ.

"నేనేనండి చెప్పింది" అన్నాడు భాస్కర్. "ఎవరు, ఏది అని వస్తే ప్రశ్న అని పెట్టేయమన్నానండి. ఉద్యోగం పోతుందేమోనని భయమేసిందండి."

అతను మంచికే చెప్పాడు. ఈ పనిలో నేను చూసిన నష్టాల్లో సగం మంచివాళ్ళు మంచికి చెప్పినవే.

"మరి ముందు మొండెం అని ఎందుకు పెట్టారమ్మా?" అని డైరెక్టరు గారు అడిగారు.

"మా ఇంట్లో ఉర్దూ అండి. ఎవరొచ్చారని అడగాలంటే కౌన్ అంటామండి. ఎవరొస్తే వాళ్ళకిమ్మని చెప్పాలంటే కౌన్ రాదండి, జో అని వేరే మాట వస్తుందండి. తెలుగులో రెండిటికీ ఎవరే కదండీ. అందుకని నాకది ప్రశ్నలా వినపడలేదండి."

"ఇది ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ఎవరూ అడగలేదండి. పైగా అంకెల్లో నేనే అడుగున ఉన్నాను. నాదే తప్పేమో అనుకున్నానండి. మార్చడం మొదలెట్టాక మధ్యాహ్నానికి నిజంగానే నాది తప్పనిపించిందండి."

ఆ చివరి మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. చెట్లు పోతే మళ్ళీ గీయొచ్చు. తన చెవి మీద తనకి నమ్మకం పోతే ఈ పనిలో ఇంకేం మిగులుతుంది?

సూర్యనారాయణ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒకటి అడుగుతానమ్మా. ముందు పెట్టినవి రైటా, ఇప్పుడు పెట్టినవి రైటా? ముందువి అంటే అవే మళ్ళీ పెట్టాలి. అంకె మళ్ళీ పడిపోతుంది. నియమం ఏమిటో మీకు తెలుసు."

నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఆవిణ్ణి చెప్పనివ్వండి."

కింద కొట్లో ఎవరో బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. నసీమా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ముందువేనండి" అంది.

"అన్నీనా?"

ఇక్కడ నేను కల్పించుకోక తప్పలేదు. ఆ అమ్మాయి పక్షం కదా అని ఉన్నది దాచకూడదు. "అన్నీ కాదండి. 'హూఎవర్ కమ్స్, డోంట్ ఓపెన్ ద డోర్' అన్నదానికి కూడా మొండెమనే పెట్టింది."

నసీమా కాస్త ఆలోచించి, "అక్కడ కూడా జోనే వస్తుందండి మాకు" అంది.

గుమ్మం దగ్గర్నుంచి భాస్కర్ నెమ్మదిగా అన్నాడు. "ఎవరు వచ్చినా తలుపు తీయకు. ఇందులో 'వాళ్ళు' అన్న మాట లేదు కదండీ. ఎవరు వస్తే వాళ్ళకి అంటే వాళ్ళున్నారు. వచ్చినా అంటే ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదండి, ఊరికే జాగ్రత్త చెబుతున్నామంతే."

"అవునండి" అంది నసీమా. "అవి నావి తప్పేనండి."

తెలుగు ఒకచోట మమ్మల్ని మోసం చేస్తే, ఉర్దూ ఇంకోచోట ఆ అమ్మాయిని మోసం చేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఇంగ్లీషు మొండెం చిక్కలేదు. ఇప్పుడు చెట్లు గీసేది యంత్రం, దిద్దడమే మీ పని అని విన్నాను. ఆ యంత్రం నేర్చుకుంది మాలాంటివాళ్ళు గీసిన చెట్ల మీదే. అందరి చెవీ ఒకటే అయినచోట అది కూడా మాలాగే ధైర్యంగా తప్పు చెబుతుంది. అక్కడ ఎవరో ఒకరు వేరేగా పేరు పెడితే, అంకె చూసే ముందు ఆ మనిషిని పిలిచి ఎందుకని అడగండి.

డైరెక్టరు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సాయంత్రం అంకెలు పంపించడం లేదండి. ఎవర్ మాటలున్న చెట్లన్నీ అందరూ మళ్ళీ చూడండి. ఆలస్యానికి పైవాళ్ళకి నేను చెప్పుకుంటానండి." తర్వాత నసీమా వైపు చూసి, "మీరుంటారమ్మా. ఆ నియమం పైనుంచి వచ్చింది కాదు, నేను పెట్టిందే. నేనే తీసేస్తాను" అన్నారు.

నసీమా దండం పెట్టలేదు, ఏడవలేదు. సరేనండి అని వెళ్ళి తన సీట్లో కూర్చుని, శనివారం మార్చిన చెట్లని ఒక్కొక్కటే విప్పి మళ్ళీ గీయడం మొదలుపెట్టింది. మొదటి నాలుగైదు చెట్ల దగ్గర చెయ్యి తటపటాయించింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఇంట్లో మాట్లాడుకున్నట్టు లోలోపల చెప్పుకుని చూసుకుంటోంది.

కాసేపటికి భాస్కర్ తన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి పక్కన వేసుకున్నాడు. అన్నాళ్ళుగా ఒకే గదిలో పనిచేస్తూ మాలో ఎవరమూ అడగని మాట అడిగాడు.

"ఏవండీ నసీమా గారూ, దీన్ని మీ ఇంట్లో ఏమంటారండి?"

ఆ అమ్మాయి తెర మీంచి తల తిప్పి అతని వైపు చూసింది.

"చెబుతానండి. ముందు మీ ఇంట్లో ఏమంటారో చెప్పండి."